కప్పును ఆపిన రాజం

శ్రీరాంపూర్‌ల బొగ్గు బాయి గేటు కాడ హెప్సిబా చాయ దుకాణం. నాలుగు గుంజలు, రెండు దూలాలు, మీద రేకులు, కింద రెండు బల్లలు. బయట ఒక సిమెంటు దిమ్మె. ఆ దినం తుంపర పడుతుంటె, మొదటి షిఫ్టు దిగి వచ్చినోళ్ళంతా రేకుల కింద ఇరుక్కొని కూసున్నరు. బాయిల మందిని నడిపిచ్చి రిటైరైన సర్దార్ రాజం ఒక్కడే నెత్తి మీద తువ్వాల ఏసుకొని దిమ్మె మీద కూసున్నడు. లోపటికి రమ్మంటె, నా ఆలోచనలకు ఆ జాగ సాలదన్నడు.

ఆ మాట బల్ల మీద కూసున్న పిలగాడు స్టీఫెన్‌కు నమ్మబుద్ధి కాలే. వానల తడుసుకుంట కూసునే ఆలోచనలేందో అనుకున్నడు. అసలు పొద్దటి సంది అతనికి ఎవల మాటా నమ్మబుద్ధి అయితలేదు, అందరికంటె ఎక్కువ తన మీద తనకే అనుమానం. పరీక్ష పాసై సర్దార్ అయిండు. తెల్లారితే ఎనిమిది మందిని ఎంటేసుకొని బాయిల దిగాలె. బాయి లోపట నెత్తి మీది కప్పు మంచిగున్నదని తను చెప్తేనే వాళ్ళు దాని కింద అడుగు పెడతరు. అది తలుచుకుంటె భయమైతుంది. భయపడెటోడు మందిని ఏం నడిపిస్తడని, ఈ పని నాకొద్దని కాయితం రాసి అంగీ జేబుల పెట్టుకున్నడు. చాయ తాగి ఆఫీసుల ఇచ్చి పోవుడే.

రాజం అతని మొఖం జూసి కథ ఎత్తుకున్నడు. రిటైరైనంక మంచిర్యాలల ఏదో ఫంక్షన్ హాల్ల మూడు దినాల పర్సనాలిటీ క్లాసుకు పోయి వచ్చిన కాంచి, మైండ్‌సెట్ అనే మాట లేకుండ మంచినీళ్ళు గూడ తాగుతలేడు.

"పిలగా, మందిని నడిపిచ్చుడంటె కండలు కాదు, మైండ్‌సెట్. నేను సర్దార్‌గ ఉన్నప్పుడు ఒకసారి కప్పు మీద కట్టెతోని కొట్టి చూసిన, సప్పుడు బాగలేదు, అంటె కూలుతదన్నట్టు. నాతోని ఐదుగురు. ఇంకోడైతే లొల్లి జేసెటోడు. నేను ఊపిరి మెల్లగ గుంజి మెల్లగ ఇడిసిన. భయం నా దిక్కు చూడనే లేదు. అందర్ని బయటికి తోలుకొచ్చిన. గంతే."

అంత వరకైతే స్టీఫెన్‌కు నమ్మేటట్టే అనిపిచ్చింది. కని రాజం కథలు 'గంతే' కాడ ఎన్నడు ఆగినయి?

"అటెన్క ఏమైందో ఎర్కేనా?" అని రాజం చాయ ఒక గుక్క తాగిండు. బయటికి తోలుకొచ్చుడు సంగతి తర్వాతనట, అంతకు ముందు కప్పు పర్రుమని పగులబట్టిందట. ఈయన దాని దిక్కు నిమ్మళంగ జూసి, జర ఆగు, మావోళ్ళు ఇంక సద్ది తినలేదు అన్నడట. అది ఆగిందట. పన్నెండు మంది డబ్బలు ఇప్పి, తిని, చేతులు కడుక్కున్న దాక రెప్ప కొట్టకుండ కప్పును చూపుతోనే ఆపిండట.

"ఇందాక ఐదుగురన్నవు" అన్నడు పర్శరాములు. ఆయన గూడ బాయిల ముప్పై ఏండ్లు చేసినోడే.

ధైర్యమున్నోని సుట్టు మంది జమైతరని రాజం జవాబు. ఆయన మాటకు అడ్డం లేదు. తిన్నంక పన్నెండు మంది పనికి కూడ లేసిన్రట, షిఫ్టు అయ్యే వరకు ఇరవై బొగ్గు టబ్బులు నింపిన్రట. ఈయన చూపుకు కప్పు పడుడు కాదు, జానెడు మీదికి లేసిందట. మీద భూమి ఎంత నిమ్మళమైందంటె మంచిర్యాల కాడ గోదారిల అలలు ఆగిపోయినయట, స్నానానికి దిగిన ఆడోళ్ళు ఆ నీళ్ళల్ల మొఖం జూసుకొని బొట్టు పెట్టుకున్నరట. డాక్టర్ వచ్చి రాజం ఛాతి మీద మిషిని పెడితే గుండె గంటకు ఒక్కసారే కొట్టుకుంటుందట.

"మరి చచ్చిపోయినవని రాయలేదా?" అన్నడు పర్శరాములు. అందరు నవ్విన్రు.

స్టీఫెన్ నవ్వలే. అతను ఇంకొకటి కనిపెడుతుండు. గాలికి రేకులు కదిలి సప్పుడైనప్పుడల్ల రాజం దిమ్మె మీద బెత్తెడు అవతలికి జరుగుతుండు. భయం లేదన్న ప్రతిసారి కండ్లు రేకుల అంచు మీదికే పోతున్నయి.

"ఆఖరి మాట ఇను" అన్నడు రాజం. "గుండెల గోరంత భయమున్నా వాడు సర్దార్ పనికి పనికిరాడు. కాయితం రాసిచ్చి ఇంటికాడ కూసోవాలె."

స్టీఫెన్ చెయ్యి జేబు మీదికి పోయింది. లేసి ఆఫీసు దిక్కు తిరిగిండు.

హెప్సిబా పొయ్యి సన్నగ జేసింది. రేపు స్టీఫెన్ ఎంబడి దిగే ఎనిమిది మందిల ఆమె తమ్ముడు జోయల్ ఒకడు. భయం లేనోని ఎంబడి వాన్ని తోలుడు ఆమెకు ఇష్టం లేదు.

"ఆగు స్టీఫెన్" అని, రాజం దిక్కు మొఖం తిప్పింది. "రాజమన్నా, నేను దుకాణం పెట్టి ఏడేండ్లాయె. ఎండల్ల, వానల్ల, ఒక్కనాడన్న నువ్వు ఈ రేకుల కింద కూసున్నవా? బాయి కప్పును ఆపినోనివి, లోపటికి వచ్చి ఆ మాటే అను, నేను ఇంట."

వాన చుక్కలు రాజం చాయ గిలాసల పడుతున్నయి.

రాజం గిలాస దిమ్మె మీద పెట్టి, "ఉరికిన" అన్నడు. "కట్టె కొడితే కప్పు బోలు సప్పుడు జేసింది. భయం పట్టుకుంది. ఉరుకుండ్రని మొత్తుకున్న, అందరికంటె ముందుగాల నేనే ఉరికిన. ఎనుక కప్పు కూలింది. సర్దార్ అన్నోడు ఆఖరికి రావాలె బిడ్డా, నేను ముందుగాల వచ్చిన. ఆనాటి సంది సప్పుడు జేసే కప్పు కింద కూసుంటె నాకు ఊపిరాడది."

"ఐదుగురు బతికిన్రా కాకా?" అన్నడు స్టీఫెన్.

"ఐదుగురు బతికిన్రు."

ఇన్నొద్దుల సంది తను పడుతున్న భయమే ఆనాడు ఐదుగురిని బతికిచ్చిందని స్టీఫెన్‌కు సమజైంది. జేబులకెల్లి కాయితం తీసి హెప్సిబా పొయ్యి మంటల పెట్టిండు. మూలకున్న కట్టె తీసుకొని, బల్లల మీద కూసున్నోళ్ళను జరుపుకుంట, దూలాలను ఈ కొస నుంచి ఆ కొస దాక ఒక్కొక్క అడుగుకు కొట్టి చూసిండు. కొట్టినప్పుడల్ల చెవి పెట్టి ఇన్నడు. గుంజల మొదట్లు గూడ ఇడువలే.

"గట్టిగనే ఉన్నయి కాకా, లోపటికి రా."

రాజం లేసిండు. రేకుల అంచు దాక వచ్చి, తువ్వాల పిండుకుంట, మీదికి జూసిండు.

"ఇంకోసారి కొట్టు" అన్నడు.