ఐదు లీటర్ల కుక్కరు

అరసవల్లి రోడ్డు మలుపులో, ఈశ్వరి టీ బడ్డీ దగ్గర నరసింగరావు నోరు విప్పాడంటే ఆటోవాళ్ళు బేరాలు కూడా వదిలేసుకుంటారు. ముప్పై ఏళ్ళు కళింగపట్నం బస్సులో కండక్టరు చేసినవాడు, నిండు బస్సులో అరిచి అరిచి సాగిన గొంతు. రిటైరైన ఏడాదే భార్య సుభద్రమ్మ పోయింది. ఇప్పుడా గొంతుకి ఇంట్లో పలికేవాళ్ళు లేరు. కథ సాగినంతసేపే మనుషులు పక్కన కూర్చుంటారని అతనికి బాగా తెలుసు.

"నానేటడిగినాను? రెండు లీటర్ల కుక్కరు. ఒక్కడికి అది సాలు. ఆ ఆన్‌లైన్ కంపెనీవోలేటి పంపినారు? ఐదు లీటర్లది! ఎనక్కి పంపీసినాను. డబ్బులియ్యరే! కంపెనీకి ఫోన్ కొడితే ఓ ఆడగుంట ఎత్తింది. 'ఇదిగో గుంటా, నాను నరసింగరావుని' అన్నాను. అంతే, ఆ గుంట లైన్లోనే గటగటా నీళ్ళు తాగీసింది."

"తాగదేటి మరి, ఎండలు మండిపోతన్నాయి" అంది ఈశ్వరి, గ్లాసులు కడుగుతూ.

ఆటో ఉమాశంకర్ జేబులోంచి తాళాలు తీసి లేవబోయాడు. నరసింగరావు చటుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు.

"కూకోరా! ఆ తర్వాత ఏటైందో తెల్సా? ఆ గుంట మేనేజరుకిచ్చింది, ఆడు ఆడి పైవోడికిచ్చినాడు, బెంగుళూరు, బొంబాయి, ఢిల్లీ, పదకొండు మందిని ఏకబిగిన కడిగీసినాను! పన్నెండోవోడు ఎత్తడమే ఏడుపు. 'బాబూ, నీ ఫోనుకి భయపడి మా ఆఫీసోలందరం బల్లల కింద దూరిపోనాం' అన్నాడు."

"అబ్బో!" అని కూర్చున్నాడు ఉమాశంకర్. కానీ చూపు రోడ్డు మీదే ఉంది. నరసింగరావు గొంతు ఇంకాస్త పెంచాడు.

"అప్పుడు ఓనరే దిగినాడ్రా! హెలికాప్టర్లో, కళింగపట్నం బీచిలో! ఆ గాలికి ఎండబెట్టిన నెత్తళ్ళన్నీ పైకి లేచిపోయి, శ్రీకాకుళం మీద గంటసేపు సేపల వాన! జనం మేడలెక్కి బుట్టలతో ఏరుకున్నారు."

"నా బడ్డీ మీద ఒక్కటీ పడలేదేటి మావా?"

"నీకు ఆవేళ ఒక్కపొద్దు కదే, నానే పడనియ్యలేదు. ఓనరు నా కాళ్ళ మీద పడి నోట్ల కట్ట తీసినాడు. లెక్కెడితే రూపాయి తక్కువ. 'చిల్లర లేదు సార్' అన్నాడు. ఎవుడికిరా సెప్తన్నావు? ముప్పై ఏళ్ళు జనానికి నాను సెప్పిన మాట నాకే సెప్తావా? అని, టికెట్టు ఎనకాల రూపాయి బాకీ రాయించి, సంతకమెట్టించి, రైట్ రైట్ అని హెలికాప్టరు పంపీసినాను!"

బడ్డీ అంతా గొల్లుమంది. ఆ నవ్వులో నరసింగరావుకి మళ్ళీ బస్సు నిండినట్టయింది.

అప్పుడే పార్సిళ్ళ సంచీతో గోవింద్ బండి దిగాడు. ఈ వీధులకి ఆన్‌లైన్ సామాన్లు తెచ్చేదీ, వద్దన్నవి తిరిగి పట్టుకెళ్ళేదీ అతనే.

"కుక్కరు ఎనక్కెప్పుడు పంపినావు మావా? నీ వంటింట్లోనే ఉన్నాది కదేటి! మూడుసార్లొచ్చినాను. శుక్రారం సామాను బయటికిస్తే లచ్చిమి ఎలిపోతాదన్నావు. మంగళారం అసలు ఇవ్వకూడదన్నావు. నిన్న అమాసన్నావు. ఎప్పుడొచ్చినా అన్నమెట్టి పంపీసినావు గాని కుక్కరియ్యలేదు. అది సేతికొస్తేనే కదా కంపెనీ డబ్బులేస్తాది?"

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. ఉమాశంకర్ తొడలు కొట్టుకుంటూ లేచి ఆటో దగ్గరికి నడిచాడు. మిగిలినవాళ్ళూ ఒక్కొక్కరే లేచారు.

"రేపే ఆఖరు మావా. రేపియ్యకపోతే రిటర్ను కేన్సిలైపోద్ది, ఇంక పైసా రాదు."

"రేపేటి వారం?"

"శనారం."

"శనారం ఇనప సామాను ఇంట్లోంచి ఇవ్వరు కదరా."

"అది ఇనుము కాదు, అల్యూమినియం."

నరసింగరావు చల్లారిపోయిన టీ గ్లాసుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇచ్చీసినాక నువ్వు మా ఇంటికి రావు కదరా గోవిందూ" అన్నాడు. "ఒక్కడినే తినలేకపోతన్నాన్రా."

గోవింద్ సంచీ పట్టీ సర్దుకున్నాడు. రోజుకి వంద గుమ్మాలు తిరిగే మనిషి. వస్తాను మావా అని ఒక్క అబద్ధమైనా ఆడతాడేమోనని, నరసింగరావు వాడి మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు.