మోకాలి మీద మరక

అయోవాలోని ఆ చిన్న కళాశాలలో అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ ఆఖరి ఆట ముగిసి, గెలుపు సంబరం కూడా సద్దుమణిగింది. దాదాపు ఖాళీ అయిన గ్యాలరీ బల్లల మీద ఒక ఆటగాడి తండ్రి మాత్రం కదలకుండా కూర్చున్నాడు. పక్కనే అతని భార్య దుప్పటి మడుస్తోంది.

"లేస్తావా? కింద పిల్లలకి సాసేజీలు కాల్చే వంతు ఇవాళ మనదే."

"అంత ఆధిక్యంలో ఉన్నాం కదా, మన ఎమ్మెట్ చేత ఒక్క బంతి విసిరిస్తే కోచ్ సొమ్మేం పోయింది?"

"ఆడించాడుగా."

"ఆడించాడా! ఇన్నాళ్లూ బెంచీ మీదే కూర్చోబెట్టి, ఆఖరి నిమిషంలో దింపి, బంతి అందుకో, మోకాలు నేలకానించి ఆట ఆపెయ్, టైమ్ అయిపోనీ అనడమా? నాలుగేళ్లు శనివారం శనివారం పడి పడి వచ్చింది ఇది చూడ్డానికా?"

"ఓడిపోతున్నవాళ్ల మీద ఇంకా బంతులు విసిరి పాయింట్లు పెంచుకోవడం మర్యాద కాదని నువ్వే అంటావుగా."

"ఆ మర్యాదకి నా కొడుకే దొరికాడా?"

"మెల్లిగా. అవతలి జట్టు పిల్లల అమ్మానాన్నలు ఇక్కడే ఉన్నారు."

"స్కోరు రాసేవాణ్ణి ఇందాకే అడిగొచ్చాను. మోకాలానిస్తే వెనక్కి పోయే ఒక్క గజం దూరం కూడా జట్టు పేరునే రాస్తారట. వాడి పేరున అదీ లేదు."

"ఊరుకో, వాడొస్తున్నాడు."

ఎమ్మెట్ హెల్మెట్ చంకలో పెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

"నాన్నా, చూశావా?"

"చూశాను. మోకాలు బాగా ఆనించావు."

కొడుకు ముఖంలోని నవ్వు ఎటు పోవాలో తెలియక అక్కడే నిలిచిపోయింది. ఆమె చూపు కిందికి దిగింది. నాలుగేళ్లూ మల్లెపువ్వులా ఉన్న ప్యాంటు మీద, మోకాలి దగ్గర పచ్చటి గడ్డి మరక.

"ఆ ప్యాంటు నాకియ్యి కన్నా, దాచుకుంటాను."

"కుదరదమ్మా, ఇవాళే కాలేజీకి తిరిగిచ్చేయాలి. వాళ్లే ఉతికేసుకుంటారు."