తుపాకీ గొట్టం ఉబ్బిన సంగతి

"పెద్దమ్మా, హాలంతా దులపమన్నావు గానీ ఆ తుపాకీ ముట్టుకోవద్దన్నావేంటి?"

ముట్టుకోకు, అంతే. నవ్వుతావేటే? ఇలాగ కూకో, ఆ కొత్తిమీర తుంచుతా ఇను. ముందు ఆ తలుపు దగ్గరికేసిరా. మనకి తెలుగొచ్చు, ఈ ఇంటోళ్ళకి రాదు, నిజవే. అయినా మన మొహాలు సూసి కనిపెట్టేస్తారు.

అది బాబా వాళ్ళ నాన్నది. బాబా అంటే మన యజమానేలే, మామా అంటే ఆయన భార్య, ఇక్కడ అలాగే పిలవాలి నువ్వూను. ఎప్పుడో తెల్లోళ్ళ సైన్యం వాడి వాడి, ఇంక మాకక్కర్లేదని అమ్మేసిన తుపాకులంట, అందులోది ఆయన కొనుక్కున్నాడంట. లైసెన్సు గట్రా అన్నీ ఉన్నాయి. నేను ఈ దేశవొచ్చి, ఈ జిదాఫ్స్ ఊళ్ళో ఇంటికి పనికొచ్చేటప్పటికే గోడ మీదుంది. అప్పటికి నీకింకా పాలపళ్ళు. మీ అమ్మ నాకు ఫోను సెయ్యాలంటే... కాదు కాదు, నేనే సేసేదాన్ని, కార్డు కొని గీకి. సగం కార్డు "బాగున్నావా, బాగున్నావా" అనుకోడానికే అయిపోయేది. సాఫీ అని ఇక్కడి సేపలు సూడు, అప్పుడు ఎంత చవకో! ఇప్పుడు బజార్లో ధర అడగాలంటేనే భయం. ఏటి సెప్తన్నాను? ఆఁ, తుపాకీ.

బాబాకి అదంటే ప్రాణం. సముద్రపు గాలికి తుప్పడతాదని లోపల నూనె పట్టించి, దుమ్ము పోకుండా గొట్టం మూతిలో గుడ్డపీలిక కుక్కేవోడు. ఆయనే, ఆయన సేత్తోనే. నేను పైపైన పొడిగుడ్డెట్టి తుడవడవే.

ఒకసారి మామా అన్నగారి కొడుకొచ్చి అది పట్టుకెళ్ళాడు. పెళ్ళిలో మగాళ్ళు తుపాకులు పట్టుకుని ఆడతారులే, ఆళ్ళ ఆచారం. నాలుగు రోజులకి తెచ్చి, తనే గోడకి తగిలించేసి ఎళ్ళిపోయాడు. టీ తాగలేదు. నా సేతి టీ అంటే సచ్చిపోతాడు, అలాంటోడు తాగలేదు. నాకక్కడే ఏదోలాగనిపించింది. అనిపిస్తే మటుకు ఏం లాభం, పనిమనిషికి ఏవనిపించిందో ఎవరిక్కావాలి?

తరవాత ఎవరో పెద్దాయన భోజనానికొస్తే బాబా దాన్ని దింపి సూపించాడు. ఆయన అలాగ సెయ్యి పెట్టి నివురుతా నివురుతా ఆగిపోయాడు. మూతికి బెత్తెడు ఇవతల గొట్టం ఉబ్బిపోయుంది. కప్పని మింగిన పాము మెడలాగ.

మామా నాకేసి సూసింది. "దీన్ని తుడిసేది ఎవరు?" అంది. "కింద పడేశావా?" అంది.

"అనా మాఫీ మామా" అన్నాను, నేను కాదని ఇక్కడి మాటలో.

 మర్నాడు పొద్దున్నే మామా సామాన్ గది తాళాలు నా దగ్గర్నుంచి తీసేసుకుంది. పంచదార కావాలన్నా అడగాలి, తనొచ్చి పక్కన నిలబడద్ది. నా పాస్‌పోర్టా, ఆళ్ళ బీరువాలో ఉంది. మా పెద్దదాని నర్సింగు సదువు సగంలో ఉంది. పంపించేస్తే పంపించేశారు, పోలీసులకి సెప్తే?

అప్పుడు డ్రైవరు మల్లేషని, కరీంనగర్ వైపు మనిషి. ఆడికి నా మీద అనుమానం, నాకు ఆడి మీద. "అక్కా, నిజం జెప్పు, గోడకు గుద్దినవా?" అన్నాడు.

"హాల్లో నీకేం పని? మొన్న నేను లేనప్పుడు దూరావంట కదా?"

"ఏసీ మెకానిక్‌ను తోల్కపోయిన. గదీ తప్పేనా?"

అంతే, ఇంక మాటల్లేవు. ఒకే వంటింట్లో ఎవరి పొయ్యి ఆళ్ళది, ఎవరి గిన్నె ఆళ్ళది.

ఒక శనివారం, ఆఁ, శనివారమే, బాబా ఆ తుపాకీని మనామాలో బాగుసేసే ఆయన దగ్గరికి పట్టుకెళ్ళాడు. బండి తోలింది మల్లేషే. తిరిగొచ్చి తిన్నగా నా దగ్గరికొచ్చాడు.

"అక్కా, నువ్వూ గాదు, నేనూ గాదు. ఆ బాగుజేసెటాయన లైటు వెట్టి లోపల సూసిండు. గొట్టంల ఏదో అడ్డమున్నంగ పేల్చిన్రట. కింద వడితె సొట్ట వోతది గని గిట్ల ఉబ్బదన్నడు. బాగుగాదట. మల్ల పేలిస్తె పగిలి మొకం మీదికొస్తదన్నడు. బాబా మొకం సూడాలె నువ్వు, గుడ్డ వెట్టింది ఆయననే గదా! కార్ల కూసొని, పెండ్లికి దీన్ని తీస్కపోయిన ఆ పోరగానికి ఫోన్ జేసిండు. ఆడేమో నేను పేల్చలే, మీ పనోళ్ళనే అడుగు అంటున్నడు."

బాబా తుపాకీని మళ్ళీ గోడకి తగిలించేసి కూకున్నాడు. తుపాకీని సూపించుకుంటన్నాడు, దాని సంగతి దాచుకుంటన్నాడు. మామాకి అసలు సంగతి సెప్పనేలేదు.

నేను గావా, అదే ఇక్కడి కాఫీ, కాసి తీసుకెళ్ళి ఆయన ముందెట్టి, ఎళ్ళకుండా అక్కడే నిలబడ్డాను.  "బాబా, నా మీద మాట ఉందా, లేదా?" అన్నాను.

"లేదు. ఖలాస్, ఎళ్ళు."

"అయితే మామా ముందు సెప్పండి."

ఎనకాల మల్లేషొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "బాబా, నా మాట గూడ జెప్పుండ్రి" అన్నాడు.

బాబా కప్పు కిందెట్టాడు. అప్పుడు పిలిశాడు మామాని. "వీళ్ళు కాదు. గుడ్డ పెట్టింది నేను. పేల్చింది నీ అన్న కొడుకు" అన్నాడు.

 ఆవిడ తాళాలు తీసి టీపాయ్ మీదెట్టింది. నా సేతిలో కాదు, టీపాయ్ మీద. నేనే తీసుకున్నాను.

ఆ అబ్బాయి ఈరోజుక్కూడా ఒప్పుకోలేదు. పండక్కొస్తాడు, తింటాడు, ఎళ్తాడు. ఆడు ఏ వస్తువు ముట్టుకున్నా నా కళ్ళు ఆడి సేతుల మీదే.

నువ్వూ అంతే. బయటికెళ్ళిన వస్తువు తిరిగొస్తే పదిమంది సూస్తుండగా అందుకో. నీ మీద మాటొస్తే ఏడుస్తా మూల కూకోకు, ఎదురుగా నిలబడి అడుగు. సల్లగా ఉండు తల్లీ, ఎవరి నోటా పడకుండా, తలెత్తుకుని ఇంటికెళ్ళాలి నువ్వు.