ఎడమ వెనక టైరు

ఆ మాట ఇంకోసారి అనకు, ఉబైద్ తండ్రీ. టైరు మోసం చేసిందట. టైరుకి నోరుందా, నీకేమైనా మాటిచ్చిందా? నల్లటి రబ్బరు. మొయ్యమన్నంత మోసింది, ఇక చేతకాక పగిలింది. నేనూ ఎప్పుడో పగలాల్సింది. కాకపోతే పెళ్ళాన్ని మార్చిపెట్టే కొట్టు ఈ దారిలో లేదు కాబట్టి ఓర్చుకున్నాను.

కదలకుండా కూర్చో. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి ఇసుక చూస్తూ కూర్చో. బండి నడిపేది నేను. తగవు తీర్చే షేక్ గారి చావడి, ఆ మజ్లిస్ వచ్చేదాకా నీకు వినడం తప్ప వేరే పని లేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఇలాంటి అవకాశం నాకెప్పుడు దొరికింది గనుక?

పగిలిన టైరుని సాక్ష్యమని వెనక పడేసుకొచ్చావు. బాగుంది. మరి దాని తోబుట్టువు ఈ బండికే కుడివైపు తిరుగుతోందే, దాన్నెక్కడ దాస్తావు?

రెండూ షంబే టైర్ల కొట్లో ఒకే రోజు కొన్నవి. తిరిగింది ఒకే ఎండ, ఒకే ఇసుక, ఒకే రోడ్డు. కుడిదాని గాట్లు చూడు, గోరు పెడితే సగం దిగుతుంది. ఎడమది పసిబిడ్డ అరికాలిలా నున్నగా ఉంది. షేక్ గారికి చూపు తగ్గిందంటావు. చూపు తగ్గితేనేం, చేత్తో తడిమితే తెలియదా?

అంతకుముందువి సూర్ పట్నంలో వేరేవాడి దగ్గర కొన్నావు. అప్పుడూ ఎడమదే అరిగింది. అప్పుడేమన్నావు? దిష్టి అన్నావు. అద్దానికి తాయెత్తు కట్టావు. తాయెత్తు వేలాడింది, టైరు అరిగింది. ఆ తర్వాత రోడ్డు వేసినవాళ్ళని తిట్టావు. రోడ్డు నీ ఎడమ టైరు మీదే పగబట్టిందా? అయినా ఈ డొక్కు బండిలో దిష్టి తగలడానికి ఏముందయ్యా?

ఆఁ, ఉందిలే. సమ్హా ఉంది.

ఒంటెని బండి వెనక తొట్టిలో ఎక్కించుకుని తిరగడం మనవాళ్ళందరికీ ఉన్నదే. అందరూ మధ్యలో కూర్చోబెట్టి కాళ్ళు కట్టి తీసుకెళ్తారు. నీకు మాత్రం అది ఎడమ వారకే ఉండాలి. ఎందుకంటే స్టీరింగు ఎడమవైపు కదా, దాని తల నీ కిటికీ దగ్గరికి రావాలి. నువ్వు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చేత్తో దాని దవడ నిమరాలి. ఖర్జూరం గింజ తీసి మరీ నోటికి అందించాలి. నాకెప్పుడైనా గింజ తీసి పెట్టావా? పోనీలే, నా పళ్ళు గట్టివి.

బరువు సరిపోయేలా కుడివైపు గడ్డిమూటలైనా వెయ్యమన్నాను. పందెం ఒంటె పక్కన మూటలేంటి, దాని మర్యాద ఏం కావాలన్నావు. ఇక బండి ఎడమకి ఒరిగి నడుస్తుంటే, ఎదురొచ్చేవాళ్ళు నీ పేరెత్తి, మతర్ గారి బండి మనకి సలాం చెబుతోందని నవ్వేవాళ్ళు. నువ్వేమో వాళ్ళు ఒంటెని చూసి మురిసిపోతున్నారనుకున్నావు.

మొన్న ఆ టైరు పేలింది. బండి గిర్రున తిరిగి ఇసుకలో దిగబడింది, నీ మణికట్టు విరిగింది. పరుగెత్తుకొచ్చినవాళ్ళని నువ్వడిగిన మొదటి మాట, సమ్హాకి ఏమీ కాలేదు కదా అని. రెండో మాట, షంబే గాడు పాత టైరుకి నల్లరంగు పూసి నాకు అంటగట్టాడు అని.

మొదటి మాట చెబితే నవ్వుకున్నాను. రెండో మాటకి నవ్వు రాలేదు.

ఆ మాట కాఫీ గిన్నెలతో పాటు ఇంటింటికీ తిరిగింది. ఇప్పుడు షంబే కొట్టు ముందు ఒక్క బండి ఆగడం లేదు. ఇవాళ నువ్వు ఖురాను మీద చెయ్యి పెట్టి అదే మాట అన్నావంటే, షేక్ గారు అతన్ని కొట్టు మూసుకుని పొమ్మంటారు. పైనుంచి వచ్చిన బలూచీవాడైనా పెళ్ళాం బిడ్డలతో మన మధ్యే బతికాడు. దొంగ అన్న పేరు నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోతాడు?

అతను దొంగ కాదని నీకూ తెలుసు. నాకు భయం అదే. తెలియక తప్పు మాట అన్నవాడిని దేవుడు మన్నిస్తాడేమో. తెలిసి ప్రమాణం చేసినవాడు ఏ మొహంతో నమాజుకి నిలబడతాడు?

మూలుగుతున్నావెందుకు? చెయ్యి నొప్పంటే బండి ఆపుతాను. మాట నొప్పంటే ఆపను.

షేక్ గారు నన్ను కూడా ఎందుకు రమ్మన్నారనుకున్నావు, హల్వా పెట్టడానికా? ఈ బండి నేనూ నడుపుతాను కాబట్టి. ఆయన అడిగితే ఉన్నదున్నట్టు చెబుతాను. నీకు వండిపెడతాను, నీ కట్టు మారుస్తాను, రాత్రి నీ గురక భరిస్తాను. నీ అబద్ధం మాత్రం మొయ్యను.

ఏంటీ? అన్న మాట పదిమందిలో వెనక్కి తీసుకుంటే పరువు పోతుందా? ఒంటెని ముద్దు చేస్తూ టైరు అరగదీసుకున్నాడని కుర్రాళ్ళు నవ్వుతారా? నవ్వనీ. రెండు రోజులు నవ్వి ఊరుకుంటారు. నీకు పోయేది కాస్త మీసం మెరుపు. అతనికి పోయేది కూడు.

అదిగో, వచ్చేశాం. షంబే ముందే వచ్చి చెప్పులు విడిచేచోట నిలబడ్డాడు. చూడు, నీకే సలాం చెబుతున్నాడు. తిరిగి చెప్పు. నాలుక కూడా విరిగిందా?

ఏదీ, ఇప్పుడేమన్నావు? గొణక్కుండా చెప్పు.

ఓహో. షంబే తప్పేమీ లేదని చెబుతావు. మంచిది. ఒంటె తప్పూ లేదు. నీ తప్పు ఎటూ ఉండదు. పెళ్ళాం నడిపి నడిపి టైరు పాడు చేసిందని చెబుతావు. దీనికోసమా ఇంత దూరం నోరు కట్టుకుని ఆలోచించావు? అది పేలినప్పుడు నేనింట్లో రొట్టెలు కాలుస్తున్నానయ్యా.

సరే, వెళ్ళి చెప్పు. నన్నడిగితే కాదనే అంటాను, అందులో మార్పు లేదు. కానీ ఎవరడుగుతారు? నన్ను పిలిచింది షంబే సంగతి తేల్చడానికి. నీ నోటితో నువ్వే అతన్ని వదిలేశాక నాతో ఎవరికేం పని? ఆడది నడిపింది, టైరు అరిగింది అంటే ఆ గదిలో మగాళ్ళందరూ ఒక్కసారే తలలూపుతారు. షేక్ గారు నీ చెయ్యి చూసి అయ్యో పాపం అంటారు. అంత నమ్మకమైన మాటకి ఖురాను తెప్పించేదెవరు?

దిగు మరి. ఉండు, ఆ చేత్తో తలుపు లాగకు. నేనొచ్చి తీస్తాను.