ఇంకో ఇరవై

మంచినీళ్ళేం వద్దు మాస్టారూ! కూర్చోను కూడా. ఆ గోనె చుట్టిన చెక్కని చూస్తుంటేనే ఒళ్ళు మండిపోతోంది నాకు. దాన్ని గుద్దీ గుద్దీ నా కూతురి చెయ్యి ఏమైందో తెలుసా? పిడికిలి ఎముక చిట్లింది. నాలుగు వారాలు కట్టు!

పద్నాలుగేళ్ళ పిల్ల వేళ్ళవి, సుత్తులనుకున్నారా?

ఆదివారం కరాటే బెల్టు పరీక్ష. ఏడాదిగా ఒకటే కలవరింత దానికి. నిన్న కట్టు వేస్తుంటే ఏడవలేదండీ. "ఇక ఆదివారం లేనట్టేగా" అంది, అంతే.

ఏంటా పుస్తకం? నాకు చూపించక్కర్లేదు, చెప్పండి. దానికి మీరు రాసిచ్చింది పది గుద్దులేనా? అదీ మెల్లగానా? రోజు విడిచి రోజా? మరి ఆ మాట నాకెందుకు చెప్పలేదు!

చెప్పారా? చేర్పించిన రోజునా? ఆఁ, చెప్పే ఉంటారు లెండి. పద్దెనిమిదేళ్ళుగా బేకరీ పొయ్యి ముందు నిలబడేదాన్ని, చేతుల సంగతి నాకొకరు చెప్పాలా అనుకున్నాను.

ఇదిగో, చూడండి. పనిలో చేరిన కొత్తలో వేడి రేకు తగిలితే చాలు, బొబ్బలే. ఏడుస్తూనే పట్టుకున్నా. ఏడాది తిరిగేసరికి కాయలు కాచాయి, ఇప్పుడు చురుక్కుమని కూడా అనదు. పిడికిలీ అంతేననుకున్నా. తోలు వేరు, ఎముక వేరు అని నాకేం తెలుసు? నేను చదివిందల్లా పిండి బస్తాల మీది అక్షరాలే!

ఎందుకలా చూస్తారు? ఇంట్లో కూడా గుద్దించానా అంటారా?

అవును, గుద్దించాను! పిండి బస్తా ఒకటి తెచ్చి వంటింటి మూల నిలబెట్టాను. అది మరీ మెత్తగా ఉందని మూడో వారం గోడ మీదికి మార్చాను. పొద్దున్నే యాభై. పక్కన నిలబడి లెక్కపెట్టేదాన్ని. "అమ్మా, వాచింది" అంటే, "వాచనీ, గట్టిపడుతోంది, ఇంకో ఇరవై" అన్నాను. మిగతా పిల్లలందరికంటే ముందు నా పిల్లకే బెల్టు రావాలి మరి!

పోయిన వారం నుంచి నొప్పి అనడం మానేసింది. హమ్మయ్య, కాయ కాచిందని సంబరపడ్డాను మాస్టారూ. నిన్న నర్సు అడిగింది దాన్ని, ఇంత నొప్పి ఉంటే మీ అమ్మకి చెప్పలేదా అని. "చెప్పి లాభం లేదు" అంది. నేను తలుపు పక్కనే ఉన్నాను.

తర్వాత డాక్టరొచ్చి ఎలా తగిలిందన్నాడు. నేను నోరు తెరిచేలోపే "క్లాసులో" అనేసింది. నా ముఖం వైపైనా చూడలేదు. నేనూ కాదనలేదు. పైగా ఆ అబద్ధాన్నే పట్టుకుని, సిగ్గులేకుండా, మిమ్మల్ని కడిగెయ్యడానికి ఇంత దూరం వచ్చాను.

అలా మెత్తగా మాట్లాడకండి మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను. నన్నో నాలుగు తిట్టండి. ఇంట్లో అదీ తిట్టడం లేదు.