రోజుకి గోరు మందం

ఆ ఉదయం ఆండీస్ కొండల మీది మబ్బు కిందికి దిగి, బంగాళదుంప చేలన్నిటినీ కప్పేసింది. సెగుండో గడపలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. పాదాలు మాట వినడం లేదు. నిన్నటి పరీక్షల సంగతి కనుక్కుని అక్క రోసావురా ఆస్పత్రి నుంచి అప్పుడే వచ్చింది.

“ఏమన్నాడక్కా డాక్టరు?”

“పురుగుమందు పీపాలో చేయి పెట్టి కలిపాడా అని అడిగాడు. అవునన్నాను.”

“అందరూ అలాగే కలుపుతారు. అయినా ఆ మందుకి వచ్చిన వాంతులు తగ్గి మూడు వారాలైంది కదా.”

“వింతంతా అదేరా. నువ్వు లేచి తిరిగినన్నాళ్లూ ఆ మందు లోపల పని చేస్తూనే ఉందట. ఒంట్లో అన్నిటికన్నా పొడవైన నరం నడుము నుంచి పాదానికి పోతుందట. ముందు దాని కొస ఎండుతుందట.”

“నాలో అంత పొడవైనది ఒకటుందని నాకే తెలియదు. మందుకి తెలిసింది.”

“మళ్లీ మొలవచ్చన్నాడు. రోజుకి గోరు మందం. పూర్తిగా రాకపోనూవచ్చు.”

అతను మోకాలి నుంచి బొటనవేలి దాకా మెల్లగా చూసుకున్నాడు.

“అంత చీకట్లో దారి దానికెలా తెలుస్తుందక్కా?”

“అడిగాను. ఆయనకీ తెలియదట.”

“సంతకి పోయే దుంపలకి మందు కొట్టి, ఇంటికని రెండు చాళ్లు కొట్టకుండా వదిలాను. తెలివైనవాణ్ణనుకున్నాను.”

“తెలివి నీ చేతి దాకా రాలేదు.”

ఆ చాళ్ల దుంపలనే ఆమె ఉడికించి, మిరపకారంతో తెచ్చింది. తమ్ముడి పాదాలను ఒళ్లోకి తీసుకుని ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ అతని బొటనవేలినే చూస్తూ తిన్నారు.