నల్లసామి చిలక సంబందం

ఏదీ, ఆ సెల్లు ఇట్ల తే నరేనూ. ఇంకా కొంచెం దూరంగా పట్టు. నాకు దగ్గర చూపు పోయి చానా నాళ్ళయింది గానీ దూరం చూపు గద్ద చూపు, కళుగుమలై కొండ మింద మేక ఏ పక్కకి తల తిప్పిందో ఈడ తిన్నె మింద కూర్చోని చెప్తాను. ఆఁ. ఇది సివప్పి గదా, ఆ ఎర్ర చిలక. విరుదునగర్లో మీ వేలమ్మాళవ్వ ఇంట్లో తీసినావా? ఇంకా బతికే ఉండాదా ఆ రాక్కాసి. చూడు ఆ చూపు, ఊళ్ళో ఉండే మిరపకాయంతా తన తండ్రి సొత్తు అన్నట్టు. ఏందీ? చిలక ఒంటరిగా ఉండాది పాపం, తోడుకి ఒక పచ్చ చిలక కొనిస్తానంటే అవ్వ వద్దనిందా? కోవం కూడా చేసిందా? చేస్తుంది. చేయకుండా ఎట్లుంటుంది. కూర్చో అప్ప, ఆ బస్సు పోతే ఇంకో బస్సు. మీ అమ్మ ఈ కత చెప్పదు, ఎందుకు చెప్పదో అది కూడా తెలుస్తుంది. మీ తాత నల్లసామి కత ఈ కోవిల్‌పట్టిలో సరిగా చెప్పేవాడు నేనొక్కణ్ణే. ఆ చిలక సంబందం మాట్లాడి ముడి వేసింది ఈ గురుసామి గదా.

మీ తాత అంటే ఏమనుకున్నావు నువ్వు. నీకు తెలిసింది గోడ మింద పటం, పూలదండ. మనిషిని చూసుండాల. కడంబూరు పక్కన రేగడి చేను, పత్తి, సజ్జ, ఉలవ. చేన్లో నిలబడి ఒక కేక వేసినాడంటే కడంబూరు టేసన్లో ఆగాల్సిన రైలు ఆగకుండా పోయేది, డైవరుకు అంత బయం. అబద్దం అంటావా? పోయి ఆ రైలును అడుగు. చేను గుత్తకిచ్చి టౌన్లోకి వచ్చినాక ఆయనకు పొద్దు పోలేదు. కేక వేద్దామంటే ఎద్దు లేదు, కూలోళ్ళు లేరు, మీ అమ్మమ్మ అంతకుముందే పోయింది. మదురైలో ఒకాయన దగ్గర చూసి ఒక చిలకను తెచ్చుకున్నాడు. మన ఊరి చిలకను గూట్లో పెడితే ఫారెస్టోళ్ళు వచ్చి పట్టుకుంటారు, తప్పు అది. ఇది కడలి అవతల యాదో దీవిది, కాయితం ఉండాది. నాకు పుట్టినట్టు కాయితం లేదు, ఆ పిట్టకుండాది. పేరు ఎక్లెక్టస్ అంట, కరెంటు ఆఫీసు మాదిరి. మీ తాత దాన్ని దొర అని పిల్చినాడు. దొరే వాడు. ఒళ్ళంతా వరి నారు పచ్చ, ముక్కు పండిన కమలాపండు, రెక్క ఎత్తినాడంటే సంకలో ఎరుపు, లోపల పట్టుగుడ్డ దాచుకున్నట్టు.

మాటలా? అబ్బో. వాకిట్లో గూడు కట్టితే తమిళం, ఇంట్లోకి తెస్తే తెలుగు. మన మాదిరే. పాలాయన గేటు తీస్తే 'యారదు', ఎవురది అని గట్టిగా అడిగేవాడు, వంటింటి పక్కన పెడితే 'కూడు తింటివా, నీళ్ళు తాగితివా' అని మెత్తగా. ఒకనాడు ఆ పాలాయన నేరుగా వంటింట్లోకి వచ్చేసినాడు, పాపం దొరకు ఏ బాస మాట్లాడాల్నో తెలీక ఆ దినమంతా ఈల వేసినాడు. నవ్వకు. నా ఎదురుగా జరిగింది.

యాడ ఉండాను నేను? ఆఁ, మీ రామసుబ్బు తాత. మీ తాత చెల్లెలు వేలమ్మాళ్ మొగుడు, విరుదునగర్లో మిరపకాయ మండీ. నీకు తెలిసిన ఈ రెండు ఇండ్లూ, ఒకరి పండక్కి ఒకరు పోయి తినేది, ఇదంతా వెనక వచ్చింది. దానికి ముందర చానా ఏండ్లు మాటే లేదు. ఏలనో తెలుసా? మన ఇండ్లల్లో మేనరికం గదా. అన్నకు ఆడపిల్ల ఉంటే చెల్లెలి కొడుక్కి ముందు హక్కు, వాళ్ళు ఒద్దంటేనే బయట చూసేది. రామసుబ్బు తన కొడుకు రామచంద్రన్‌కు మీ అమ్మను అడగాల్నని తాంబూలం తట్టు పట్టుకోని ఈ కోవిల్‌పట్టికి వచ్చినాడు. ఆఁ, మీ అమ్మనే, సుదాలక్ష్మినే. మీ తాత ఆ తట్టు మింద కప్పిన గుడ్డ కూడా తీయలేదు. 'పిల్లోడు నలుపు, మా సుదా పక్కన రంగు పొందదు బావా' అనేసినాడు. చెప్పేదెవురు? రేగడి మట్టి పిసికి చేసిన మనిషి. కరెంటు పోతే పండ్లు చూసి గదా మేము ఆయన్ను గుర్తుపట్టేది. రామసుబ్బు తట్టు ఎత్తుకోని పోయినాడు. నువ్వు మొగం అట్ల పెట్టద్దు నరేనూ, ఆ తట్టు ఎనక్కి పోబట్టే నువ్వు పుట్టినావు, నీకు లాబమే.

ఆ పొద్దు నుంచి వేలమ్మాళ్ పుట్టింటి గడప తొక్కలేదు. ఈయనా తక్కువోడు గాదు, మదురై బస్సులో పోతే విరుదునగరు రాంగానే కండ్లు మూసుకునేవాడు, ఊరు దాటినాక నేను మోచేత్తో పొడవాల. చెల్లెలంటే పానమే. పలకరించే నోరు లేదు, అంతే. ఇద్దరి మద్యలో తంతి నేను. పత్తి ఏపారం మింద వారం వారం ఆడికి పోయేవాణ్ణి, ఈడి మాట ఆడ, ఆడి మాట ఈడ. కొంచెం ఉప్పు కారం వేసి చెప్పేవాణ్ణి అనుకో, సప్పిడి మాట ఎవురు వింటారు. దొర వచ్చిన సంగతి చెప్పినానా, రామసుబ్బుకు నిద్ర పట్టలా. అదే మదురై ఆయన దగ్గరికి పోయి ఇదో, ఈ ఎర్రదాన్ని తెచ్చేసినాడు. తల ఎరుపు, పొట్ట నీలం, ముక్కు కాటుక. 'పచ్చ చిలక ఏ చేన్లో అయినా దొరుకుతుంది, మీ నల్లసామి కడంబూరులో వల వేసి పట్టి దొర అంటా ఉండాడు' అన్నాడు. ఈడ చెప్పినాను. మీ తాత, 'ఎర్ర చిలక యాడన్నా ఉందా, అద్దకం వేసి అమ్మినారు వానికి, నీళ్ళు పోసి రుద్దమను' అన్నాడు. ఆడ చెప్పినాను. ఆ రాక్కాసికి మండీలో గుండు మిరపకాయలు పోసేవాళ్ళు. చిలకకు కారం తెలీదంట, మనం బొరుగులు తిన్నట్టు తినేది. అది తిని తుమ్మితే అరుప్పుకోట్టైలో మగ్గం మింద ఉండేవాళ్ళకు కండ్లలో నీళ్ళు వచ్చేవి.

ఇట్ల నడస్తా ఉంటే దొరకు ఏమో అయింది. తన ఈకలు తానే పీక్కుంటాడు. పొద్దున ఒకటి, మాపటికి ఒకటి. రొమ్ము కాడ తోలు బయటపడి, నడుముకు పచ్చగుడ్డ చుట్టుకున్న ముసలాయన మాదిరి అయిపోయినాడు. మాటలు బంద్. మీ తాతకు కూడు దిగలేదు. దిష్టి అన్నాడు. ఎవుని దిష్టి? విరుదునగరుదే. ఉప్పు, మిరపకాయలు గుప్పిట పట్టి గూడు చుట్టూ తిప్పినాడు, మూడో చుట్టుకు దొర తల బయటపెట్టి ఆ మిరపకాయలు లాక్కోని తినేసినాడు. దిష్టి తీసే సామానే తినేసేదానికి ఇంక ఏం మందుండాది చెప్పు. పిట్టల డాక్టరమ్మ ఒకామె ఉండేది, సింధుజ అని, చిన్న పిల్ల. ఆమె చూసి, 'ఒంట్లో జబ్బేం లేదు పెద్దాయనా, తోడు లేక ఇట్ల చేస్తుంది. ఇట్లనే వదిలితే నిలవదు' అనింది. అంతే, మీ తాత మదురై పరుగెత్తి ఇంకో పచ్చది తెచ్చినాడు. పెండ్లాం అని. గుడ్లు పెట్టడానికి వేపపలకతో పెట్టె చేయించినాడు, లోపల పత్తి పరిచినాడు, మన రేగడి పత్తే. ఆ రెండూ ఏం చేసినాయంటావు? కొమ్మ ఈ కొనకు ఒకటి, ఆ కొనకు ఒకటి, గెట్టు తగాదా ఉండే దాయాదుల మాదిరి కూర్చున్నాయి. మద్యలో లేచి తన్నుకునేది. దొర ఈకలు ఇంకా పోయినాయి.

డాక్టరమ్మ వచ్చి చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకునింది. 'పెద్దాయనా, ఇద్దరూ మగోళ్ళే. ఈ జాతిలో పచ్చదంతా మగది, ఎర్రదంతా ఆడది' అనింది. మీ తాత నన్ను చూసినాడు. నేను దూలం చూసినాను. రెండో పచ్చదాన్ని మదురైకే ఎనక్కి ఇచ్చేసి ఎర్రది అడిగితే ఆయన, 'ఉండింది ఒకటే, విరుదునగరు మిరపకాయ మండీ ఆయన తీసుకుపోయినాడు. ఇంకోటి రావాల్నంటే ఏడాది' అన్నాడు. ఏడాది దాకా దొర ఒంటి మింద ఈక యాడుంటుంది? పానం యాడుంటుంది? ఆ రాత్తిరి మీ తాత కూడు ముట్టలేదు. పొద్దున్నే నా కాడికి వచ్చి, 'గురుసామీ, నువ్వు పోయి అడుగు' అన్నాడు. నేను చెప్పినాను, ఇట్లాంటి దానికి నా అంత వకీలు లేడు, కలెక్టరు కూతుర్నన్నా అడిగి తెస్తాను గానీ, పిల్లను అడగాల్నంటే మాప్పిళ్ళ, అదే పెండ్లికొడుకు ఇంటోళ్ళు తట్టుతో పోవాల, అది నేనా పెట్టింది. చానాసేపు తువ్వాల మడత పెట్టినాడు, విప్పినాడు, మడత పెట్టినాడు. పోదాం పద అన్నాడు.

ఆ పొద్దు విరుదునగర్లో ఆయన బస్సు దిగినాడు. చేతిలో తట్టు, తమలపాకు, టెంకాయ, అరటిపండ్లు, దానిమ్మకాయలు. పైన గుడ్డ. రామసుబ్బు పడక కుర్చీలో ఉండాడు, లేవలేదు. వేలమ్మాళ్ వంటింటి తలుపు కాడ నిలబడింది. అన్నను చూసింది, తట్టును చూసింది, మళ్ళీ అన్నను చూసింది. తల నెరిసిపోయింది ఇద్దరికీ. నేను గొంతు సవరించి మాట మొదలుపెడితే రామసుబ్బు చెయ్యెత్తి ఆపేసినాడు.

'మాప్పిళ్ళ ఏ రంగు బావా?'

మీ తాత నేల చూసి, 'పచ్చ' అన్నాడు.

'మా పిల్ల ఎరుపు. రంగు పొందదే బావా.'

రామసుబ్బు ఆ మాటను ఎన్ని ఏండ్లు నోట్లో పెట్టుకోని చప్పరించినాడో, దాన్ని ఉమ్మేదానికి ఇంత మంచి తావు దొరికింది. మీ తాత తట్టు కిందకు పెట్టలా, ఎనక్కీ తిరగలా. 'ఆ పొద్దు నేను అట్ల అనుండకూడదు' అన్నాడు. మెల్లగానే. అంత మెల్లగా ఆయన మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు. రామసుబ్బు ఏమంటాడో అని చూస్తా ఉంటే, లోపల నుంచి వేలమ్మాళ్ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇద్దరి మద్యలో పెట్టింది. 'రంగు పొందుతుందో లేదో అవి చూసుకుంటాయి. అన్నా, కాళ్ళు కడుక్కో. ఉలవచారు వేడిగా ఉండాది' అనింది. అయిపోయింది. నేను అంత దూరం పోయి నోరు తెరవకుండా ముడి పడిన సంబందం అదొకటే. అయినా ముడి నాదే, నేను లేకుంటే ఆయన బస్సులో కండ్లు తెరిచుండడు.

రామసుబ్బు మాత్రం తక్కువగా వదల్లేదు. మేము కూడు తింటా ఉంటే ఒక షరతు పెట్టినాడు. పిల్లను పంపేది లేదు, మాప్పిళ్ళే ఇల్లరికం రావాల. మీ తాతకు ముద్ద అడ్డం పడింది. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే ఆమె కూడా అదే చెప్పింది, వాళ్ళ దీవిలో ఆడది చెట్టు తొర్ర వదలదంట, మొగుడే వచ్చి మేత తినిపించాలంట. సరే అని నెత్తిన తువ్వాల వేసుకోని దొరను తీసుకుపోయి వదిలినాడు. వదిలిన గడియ సివప్పి ఆ బక్కోణ్ణి ముక్కుతో రెండు పొడిచి, ఒక మూలకు తరిమి, వాని గిన్నెలో ఉండేదంతా తినేసింది. దొర ఏమో సొక్కిపోయి చూస్తా ఉండాడు. ఈకలు వచ్చినాయి. మాటలూ వచ్చినాయి, అంతా విరుదునగరు మాటలు, మిరపకాయ మూట ఎంత అని అడిగేవాడు.

అప్పుడు మొదలైంది మీ తాతకు సుక్రవారం సుక్రవారం విరుదునగరు. చిలకను చూసొస్తాను అని సంచిలో దానిమ్మకాయ, నానబెట్టిన మొక్కజొన్న పెట్టుకోని పోయేవాడు. దొర ఆయన్ను పట్టించుకునేదే లేదు, పెండ్లాం ఎనకాల తిరిగేది. ఈయన గూడు ముందర కొంచెంసేపు నిలబడి, ఇంక చెల్లెలి చేతి కూడు తిని, రామసుబ్బుతో రెండు ఆటలు చీట్లపేక ఆడి, మాపటికి నూనె పరోటా పొట్లం కట్టుకోని వచ్చేవాడు. అందులో సగం నాకు. పెండ్లి పెద్దను గదా.

ఆ మీద ఏడాది ఆడి మాసం, గాలి కాలం. మేడ మింద గూటి తలుపు తీసి చిలకలకు నీళ్ళు పోస్తా ఉండింది వేలమ్మాళ్, గాలి ఒక్క ఊపు ఊపింది, దొర లేచినాడు. ఒక చుట్టు తిరిగినాడు, మండీ కప్పు దాటినాడు, అంతే. రెండు దినాలు ఊరంతా వెతికినారు. రామసుబ్బు నాకు ఫోన్ చేసి, 'గురుసామీ, బావకు ఎట్ల చెప్పేది, ఈ దెబ్బకు మళ్ళీ కండ్లు మూసుకుంటాడు బస్సులో' అని ఏడ్చినంత పని చేసినాడు. నేనూ చెప్పలేకపోయినాను, ఇంత నోరు పెట్టుకోని. సుక్రవారం వచ్చింది. ఆయనతో నేనూ పోయినాను. గూట్లో సివప్పి ఒకటే ఉండాది. మీ తాత చూసినాడు. 'యాడ వాడు?' అన్నాడు. వేలమ్మాళ్ గోడ పట్టుకోని, 'గాలికి పోయినాడన్నా' అనింది. ఆయన గూటి తలుపు తీసినాడు, గిన్నెలో దానిమ్మ గింజలు పోసినాడు, మూసినాడు. 'మగోడు గదా, తిరిగొస్తాడు. కూడు పెట్టు' అన్నాడు.

ఆ పై వారమూ పోయినాడు. సంచిలో దానిమ్మకాయ. 'వచ్చినాడా?' 'ఇంకా లేదన్నా.' 'సరే, వచ్చే సుక్రవారం చూస్తాను.' ఆ పై వారమూ అదే. ఆ పై ఏడాదీ అదే. మంచాన పడే దాకా అదే అప్ప. రామసుబ్బు గూడా చీట్లు పంచతా, 'ఈ వారం రాలేదు బావా, గాలి ఎదురుగా ఉండాది' అనేవాడు, నవ్వకుండా. చిలక లేని ఇంటికి చిలకను చూడ్డానికి పోయిన మనిషి ఈ జిల్లాలో ఆయనొక్కడే, కావాల్నంటే వెతుక్కో.

నువ్వేమో ఇప్పుడు పోయి, ఇదో అవ్వా పచ్చ చిలక అని గూట్లో పెడతానంటివి. అది వచ్చేసిందంటే ఆమె ఇంక 'ఇంకా లేదన్నా' అని ఎవురికి చెప్పుకుంటుంది...

ఊఁ.

ఆ కారు మబ్బు చూడు, ఎట్టయపురం పక్క నుంచి లేస్తా ఉండాది. లే, లేచి ఆ కొడి తాడు మింద ఆరేసిన గుడ్డలు తియ్యి. ఈసారి విరుదునగరు పోయేటప్పుడు ఉత్త చేతులతో పోవద్దు, దానిమ్మకాయ తీసుకుపో. సుక్రవారం పో.